ప్రాథమిక పాఠశాలలో పరీక్షలు: వీధిబడి నుంచి లక్ష్మీనగర్ దాకా

తూర్పు ఢిల్లీలోని లక్ష్మీనగర్‌ను పరీక్షల పేట అనవచ్చు. 2010 జనవరిలో యమునా బ్యాంక్ నుంచి ఆనంద్ విహార్ వరకు మెట్రో నడవడం మొదలైంది. ఆ దారిలో లక్ష్మీనగర్ స్టేషన్ మెట్లు దిగితే వికాస్ మార్గ్‌కు రెండువైపులా చార్టర్డ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. యమున మీది వంతెన దాటితే ఐ.టి.ఓ. దగ్గరే 1949లో ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల ఇనిస్టిట్యూట్ ప్రధాన కార్యాలయం ఉంది. ఈ పేట ఇక్కడ పెరగడానికి అదీ ఒక కారణమే. తెలుగు రాష్ట్రాల పిల్లలు కూడా వచ్చి ఇక్కడి అద్దె గదుల్లో ఉండి చదువుకుంటారు.

కానీ ఈ ప్రసంగం వాళ్ళను గురించి కాదు. వాళ్ళు పెద్దవాళ్ళు, తాము వ్రాసే పరీక్షను తామే ఎంచుకున్నారు. ఆ బోర్డుల వెనక సందుల్లో నివసించే ఎనిమిదేళ్ళ, పదేళ్ళ పిల్లలు ఏ పరీక్షనూ ఎంచుకోలేదు. అయినా మూడో తరగతిలో ఒక జాతీయ సర్వే, అయిదో తరగతి చివర ఒక వార్షిక పరీక్ష, మధ్యలో బడి పెట్టేవి కొన్ని, ట్యూషన్‌లో పెట్టేవి కొన్ని వాళ్ళ దారిలో ఉంటాయి. ఇంత చిన్న పిల్లలకు, ఊరందరికీ ఒకే కొలతతో పరీక్ష పెట్టాలన్న ఆలోచన ఎప్పుడు, ఎవరి అవసరం కోసం పుట్టింది? ఇది తెలిస్తే, పరీక్ష ముందు బిడ్డ పక్కన కూర్చునే తల్లికీ తండ్రికీ కొంత దారి దొరుకుతుంది. ఈ చరిత్రలో ఒక విషయం పదే పదే ఎదురవుతుంది. పరీక్ష వ్రాసేది పిల్లవాడే అయినా, దానితో తూచదలచుకున్నది చాలాసార్లు మరొకరిని.

మన వీధిబడులలో పరీక్ష అనే మాటకు ఇప్పటి అర్థం లేదు. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. ఆ లెక్కలన్నీ కూడితే రాజధాని మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. (‘రాజధాని’ అంటే ఇక్కడ మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ రోజుల వాడుక అది.) 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ పంపిన నివేదిక వాటిలో ఎంతో వివరమైనది. ఆ జిల్లాలో 533 బడులుంటే, 226 తెలుగు నేర్పేవి. చదివేవాళ్ళు మొత్తం 6,641 మంది. మధ్యతరగతి, పేద కుటుంబాలు ఖర్చు భరించలేకనే పిల్లలను బడికి పంపడం లేదని క్యాంబెల్ దాపరికం లేకుండా వ్రాశాడు.

ఆ నివేదికలో ఒక చిన్న సంగతి ఉంది. ఉదయం అందరికంటె ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులు సరస్వతి పేరు వ్రాసేవాడట. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవాడు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవాళ్ళకు ఒక్కొక్కటీ పెంచుకుంటూ పోవడం. మార్కుల పట్టిక లేని బడిలో కూడా వరస క్రమం ఉందన్నమాట! ఆ పాత బడిని స్వర్గంగా చిత్రించేవాళ్ళు ఈ భాగాన్ని దాటవేస్తుంటారు. అయితే ఒక తేడా గమనించాలి. ఆ వరస మరునాటి ఉదయం మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. నిన్న సున్న పడ్డవాడు ఈరోజు సరస్వతిని దక్కించుకోవచ్చు. ఎవడికి ఏమి వచ్చో, ఏమి రాదో తెలుసుకోవడానికి పంతులుకు వేరే పరీక్ష అక్కరలేదు. ఇసుకలో వ్రేలితో దిద్దిన అక్షరం ఆయన కళ్ళెదుటే ఉంటుంది. ముందు నేర్చినవాడు వెనకవాడికి చెప్పే పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకున్నాడు. మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ అమలు చేసి ఇంగ్లండుకు తీసుకువెళ్ళిన ‘మద్రాసు పద్ధతి’ కూడా ఇలాంటిదే.

క్యాంబెల్ తప్పుబట్టిన సంగతి వేరే ఉంది. పిల్లలు వల్లించే పద్యాల భాషకూ, ఇంట్లో మాట్లాడే భాషకూ పొత్తు లేదనీ, అర్థం తెలియకుండానే కంఠస్థం చేస్తున్నారనీ ఆయన అన్నాడు. ఈ మాటను గుర్తుపెట్టుకోవాలి. ఢిల్లీలో ఉన్న తెలుగు పిల్లవాడి దగ్గర మళ్ళీ దీని అవసరం వస్తుంది.

ఊరందరికీ ఒకే కొలత అన్నది ఇంగ్లండు నుంచి వచ్చింది. 1862లో అక్కడ రాబర్ట్ లో తెచ్చిన సవరించిన నియమావళి ప్రకారం, ప్రభుత్వ సహాయంలో పెద్ద భాగం పిల్లల పరీక్షను బట్టి వచ్చేది. ఇనస్పెక్టరు సంవత్సరానికొకసారి వచ్చి ఒక్కొక్క పిల్లవాడిని చదువులో, వ్రాతలో, లెక్కల్లో పరీక్షించేవాడు. ఒక్కొక్క విషయంలో తప్పినందుకు ఇంత అని గ్రాంటు కోసేవారు. అందుకోసం ఆరు మెట్లు నిర్ణయించి, వాటికి ‘స్టాండర్డ్’ అని పేరు పెట్టారు. మా అబ్బాయి ఫిఫ్త్ స్టాండర్డ్ అని ఇవాళ మనం అనే మాటలో ఆ గ్రాంటు లెక్క ఇంకా దాగి ఉంది! కవి, విమర్శకుడు మాథ్యూ ఆర్నాల్డ్ స్వయంగా బడుల ఇనస్పెక్టరు. పిల్లలు పుస్తకం కంఠస్థం చేస్తున్నారే తప్ప చదవడం నేర్వడం లేదని ఆయన తన నివేదికలలో మొత్తుకున్నాడు. ఇంగ్లండులో ఆ పద్ధతి పోవడానికి 1890ల దాకా పట్టింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఇదే పద్ధతి 1860ల చివర ‘రిజల్టు గ్రాంటు’ పేరుతో వచ్చింది. కారణం లేకపోలేదు. 1854 నాటి వుడ్ తాఖీదు ప్రైవేటు బడులకు సర్కారు సాయం చేయాలంది. ఊరూరా ఉన్న వీధిబడులకు డబ్బు ఇవ్వాలంటే, ఆ డబ్బుకు ఫలం వస్తున్నదా లేదా అని ఖజానాకు తెలియాలి. బడి ఎలా నడుస్తున్నదో రోజూ చూసే మనిషి లేడు. అందుకని ఏడాదికొక రోజు పిల్లవాడిని నిలబెట్టి అడగడం చౌక మార్గంగా తోచింది. 1882లో నియమితమైన హంటర్ కమిషన్ కూడా పై చదువులకు ఈ పద్ధతి వద్దంటూనే ప్రాథమిక బడులకు కావాలంది. అంటే పెద్ద పిల్లలకు తగదనుకున్న భారాన్ని చిన్న పిల్లల మీద పెట్టారు.

దాని ఫలితం ఏమిటో ఊహించడం కష్టం కాదు. పంతులు జీతం తనిఖీ రోజున ఏడేళ్ళ పిల్లవాడి నోట్లో ఉండేది. ఆ రోజు వాడికి జ్వరం వస్తే, అది పంతులు ఇంట్లో పొయ్యి మీదికి వచ్చేది. అడుగుతారనుకున్న పాఠమే చెప్పడం, తప్పకుండా పాసయ్యే పిల్లవాడిని చూసుకోవడం, మందకొడి వాణ్ణి ఆ రోజు బడికి రావద్దనడం వంటి పనులకు ఈ ఏర్పాటు తలుపులు తీసింది. ఇందులో పంతులును మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. ఆకలి మీద పరీక్ష పెడితే ఎవరైనా అలాగే చేస్తారు. చివరకు 1904 మార్చి 11న లార్డ్ కర్జన్ ప్రభుత్వం వెలువరించిన విద్యా విధాన తీర్మానం, దేశంలో పరీక్షల పెత్తనం మితిమీరిందని ఒప్పుకుని, ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతికి స్వస్తి చెప్పింది. కర్జన్ చేసిన పనులలో మనవాళ్ళు మెచ్చుకోదగినవి తక్కువే కాని, ఇది వాటిలో ఒకటి.

పరీక్ష ఇంట్లోకి ఎలా వచ్చిందో చూడాలంటే గురజాడ వారి కన్యాశుల్కం చాలు. 1892లో ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన ఆ నాటకంలో వెంకటేశం పరీక్ష తప్పి, ఇంటికి వెళ్ళడానికి భయపడతాడు. అప్పులవాళ్ళను తప్పించుకోవాలనుకునే గిరీశం, సెలవుల్లో చదువు చెబుతాననే వంకతో వాడి వెంట అగ్రహారానికి బయలుదేరుతాడు. తెలుగు సాహిత్యంలో ట్యూషన్ మాస్టరుకు పెద్దపీట అక్కడే పడింది. తండ్రికి ఫలితం చెప్పలేని పిల్లవాడి భయమే గిరీశానికి ఆ ఇంటి గడప దాటించింది. నవ్వుకుంటూ చదువుతాం కాని, తప్పానని ఇంట్లో చెప్పుకోగలిగి ఉంటే వెంకటేశానికి గిరీశంతో పని ఉండేదా?

ఇనస్పెక్టర్లందరినీ ఒకే గాటన కట్టకూడదు. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల బడులను తనిఖీ చేసిన జె.ఎ. యేట్స్‌కు ఒక సందేహం వచ్చింది. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో చదివే తెలుగు మరొకటి ఎందుకుండాలి? క్యాంబెల్ బళ్ళారిలో అన్నదే ఎనభై నాలుగేళ్ళ తరువాత ఈయనా అడిగాడు. ఆ ప్రశ్న పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారిని వ్యావహారిక భాషోద్యమంలోకి దించింది. పిల్లవాణ్ణి తూచడానికి వచ్చిన అధికారి, తన చేతిలోని తూనికరాయినే శంకించడం చరిత్రలో అరుదు.

ఇదే కాలంలో పారిస్‌లో మరో రకం పరీక్ష పుట్టింది. బడిలో వెనకబడుతున్న పిల్లలను గుర్తించి, వాళ్ళకు వేరే సాయం ఏర్పాటు చేయాలని ఫ్రెంచి ప్రభుత్వం 1904లో ఒక సంఘాన్ని వేసింది. ఆ పని మీద ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ కలిసి 1905లో ఒక ప్రశ్నల వరస తయారుచేశారు. ఇది గ్రాంటు కోసం పుట్టింది కాదు, పిల్లవాడి కోసమే పుట్టింది. అయినా కొద్ది ఏళ్ళలోనే అమెరికా చేరి, మనుషుల తెలివికి శాశ్వతమైన ముద్ర వేసే సాధనంగా మారింది. మన దేశంలో 1922లో లాహోరులో సి.హెచ్. రైస్ దానికి హిందుస్తానీ రూపం ఇచ్చాడు. మంచి ఉద్దేశంతో పుట్టిన కొలత కూడా చేతులు మారితే ఏమవుతుందో చెప్పడానికి బినే కథ చాలు.

ఇక ఢిల్లీలో తెలుగువాళ్ళ సంగతికి వద్దాం. పరీక్షకు నిలబడేవాళ్ళకు వెన్నుదన్నుగా ఉండడం అంటే ఏమిటో చూపిన మనిషి మనకు ఒకరున్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. చిన్నతనంలో క్రమమైన బడి చదువు లేకుండానే బెనారస్ మెట్రిక్యులేషన్‌కు ప్రైవేటుగా కూర్చుని గట్టెక్కారు. ఆ దారి తనతో ఆగిపోకూడదని, మద్రాసులో ఇంటి చుట్టుపక్కల ఆడపిల్లలను, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను కూడగట్టి అదే పరీక్షకు సిద్ధం చేయసాగారు. 1937లో పుట్టిన ఆంధ్ర మహిళా సభ మొదటి పనుల్లో ఇదొకటి. దాన్ని కూడా కోచింగ్ అనే అనాలి. కాకపోతే అక్కడ చేరడానికి పరీక్ష లేదు. రాని వాళ్ళ కోసమే పెట్టిన క్లాసు అది.

రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలిగా ఢిల్లీ వచ్చిన ఆమె, ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడుతున్న తెలుగు కుటుంబాల పిల్లల కోసం 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపనకు పూనుకున్నారు. ఒకప్పటి రౌస్ అవెన్యూ, ఇప్పటి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గ్ మీద ఆ సొసైటీ బడి ఉంది. లక్ష్మీనగర్ నుంచి వంతెన దాటితే వచ్చేది ఆ ప్రాంతమే. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలిగా ఉండగా, 1958లో ఆమె సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభింపజేశారు. చదువు ఆగిపోయిన వయోజన స్త్రీలు రెండేళ్ళలో మిడిల్ స్కూలు పరీక్షకో, ఆపై పరీక్షకో సిద్ధం కావడం వాటి ఉద్దేశం. నర్సులుగా, గ్రామసేవికలుగా, టీచర్లుగా పని దొరకాలంటే ఆ కాగితం కావాలి మరి. పరీక్షను ఆమె తిట్టలేదు, పూజించనూ లేదు. అది ఒక గేటు అని గుర్తించి, గేటు దాకా నడవలేని వాళ్ళను నడిపించారు. ఈ ధోరణి నాకు ఎంతో ఆచరణయోగ్యంగా కనిపిస్తుంది.

స్వాతంత్ర్యం తరువాత వచ్చిన సంఘాలలో 1964–66 నాటి కొఠారీ కమిషన్ చిన్న తరగతుల విషయం స్పష్టంగా చెప్పింది. 1 నుంచి 4 వరకు తరగతులను విడివిడి మెట్లుగా కాక ఒకే భాగంగా చూడాలనీ, పిల్లలు తమ వేగంతో ముందుకు సాగాలనీ సూచించింది. ప్రాథమిక విద్య చివర అందరికీ తప్పనిసరిగా బయటి పరీక్ష పెట్టడం మంచిది కాదంది. జిల్లాలో బడుల స్థాయి తెలుసుకోవడానికి ప్రామాణిక పరీక్షలు వాడుకోవచ్చునంది. బడిని కొలిచే పరీక్ష వేరు, పిల్లవాడిని ఆపే పరీక్ష వేరు అన్న విభజన అక్కడ కనిపిస్తుంది. ఆచరణలో ఈ రెండూ కలిసిపోతూనే వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏడో తరగతి ఉమ్మడి పరీక్ష వ్రాసిన తరాలు ఇంకా మన మధ్య ఉన్నాయి. పన్నెండేళ్ళకే హాల్ టికెట్ పట్టుకుని వేరే బడికి వెళ్ళి కూర్చున్న అనుభవం వారికి గుర్తే.

రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో తన తొలి ప్రసంగాన్ని బడిసంచీ బరువు మీద చేశారు. ఆ చర్చ సాగి సాగి 1992లో ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. దూరదర్శన్ ప్రేక్షకులకు ‘టర్నింగ్ పాయింట్’ ద్వారా పరిచయమైన శాస్త్రవేత్త ఆయనే. సంచీ బరువు కంటె అర్థంకాని చదువు బరువే ఎక్కువని 1993లో ఆ సంఘం తేల్చింది. నర్సరీలో చేర్చుకోవడానికి పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు చేయాలని కూడా కోరింది. ఢిల్లీలో అది జరగడానికి మరో పదమూడేళ్ళు, కోర్టు మెట్లూ కావలసివచ్చాయి. మూడున్నరేళ్ళ బిడ్డను రంగులు గుర్తించమనీ, తల్లిదండ్రులను ఇంగ్లీషులో మాట్లాడమనీ అడిగే ఇంటర్వ్యూల వ్యవహారం హైకోర్టుకు వెళ్ళింది. 2006లో అశోక్ గంగూలీ కమిటీ వేశారు. ఇంటర్వ్యూకు బదులు, ఇల్లు ఎంత దూరం, అన్నో అక్కో అదే బడిలో ఉన్నారా వంటి అంశాలకు పాయింట్లు వేసే పద్ధతి వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షను దేశమంతటా ఆ వడపోతను నిషేధించింది. పరీక్ష పిల్లవాణ్ణి వదిలి ఇంటి చిరునామా మీద పడిందని ఢిల్లీ తల్లిదండ్రులు నవ్వుకోవచ్చు. కాని ఏడ్చే బిడ్డను గదిలోకి తోసి తలుపు వేసే పని తప్పింది, అది తక్కువేమీ కాదు.

రిజల్టు గ్రాంటు పోయిన వందేళ్ళకు తెలుగు నేల మీదే దానికి ఒక కొత్త రూపం వచ్చింది. 2005 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని 5 జిల్లాల గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక పెద్ద ప్రయోగం చేశారు. కొన్ని బడుల్లో పిల్లల సగటు మార్కులు పెరిగిన కొద్దీ టీచర్లకు బోనసు ఇచ్చారు. మరికొన్ని బడుల్లో ఇవ్వలేదు. రెండేళ్ళ తరువాత బోనసు ఉన్న బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో స్పష్టంగా ముందున్నారు. బోనసు లెక్కలోకి రాని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లో కూడా వెనకబడలేదు సరికదా మెరుగయ్యారు. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు! వచ్చిన రోజుల్లో అదనపు క్లాసు, ఇంటిపని, అభ్యాస పరీక్షలు పెరిగాయి.

మరి 1868 నాటి పద్ధతి చెడ్డదై, ఇది ఎలా పనిచేసింది? తేడాలు చూడండి. ఇక్కడ మామూలు జీతం ఎక్కడికీ పోదు, బోనసు పైన వచ్చేది. లెక్కగట్టినది పాసా ఫెయిలా అని కాదు, పిల్లలు కిందటిసారి కంటె ఎంత ఎదిగారు అని. ప్రశ్నల్లో కంఠస్థానికి లొంగనివీ ఉన్నాయి. పిల్లవాడికి మాత్రం ఆ పరీక్ష వల్ల పోయేదేమీ లేదు. ఈ చివరి అంశమే నా దృష్టిలో ముఖ్యమైనది. అయినా ఇది కొన్నేళ్ళ ప్రయోగంలో తేలినది. అదే రాష్ట్రమంతటా శాశ్వత నియమమైతే పాత రోగం మళ్ళీ తలెత్తదని హామీ ఇవ్వలేం.

ఇప్పుడు లక్ష్మీనగర్ పిల్లవాడి ఎదుట ఉన్న పరీక్షలు చూద్దాం. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఒకే తరగతిలో ఆపరాదంది. 2019లో పార్లమెంటు దాన్ని సవరించి, 5, 8 తరగతుల చివర వార్షిక పరీక్ష పెట్టే అవకాశాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. ఢిల్లీలో 2023–24 విద్యా సంవత్సరం నుంచి ఇది అమలైంది. 2024 డిసెంబరులో కేంద్రం నియమాలు ప్రకటించింది. వాటి ప్రకారం తప్పిన పిల్లవాడికి ఫలితం వచ్చిన రెండు నెలల్లో మళ్ళీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితే అదే తరగతిలో ఉంచవచ్చు. కాని ప్రాథమికోన్నత విద్య పూర్తయ్యే దాకా బడి నుంచి పంపివేయకూడదు. పరీక్ష కంఠపాఠాన్ని కాక సామర్థ్యాన్ని చూడాలని కూడా అందులో ఉంది. అది ఎంతవరకు జరుగుతుందన్నది ప్రశ్నపత్రం తయారుచేసే చేతిలో ఉంటుంది.

ఇది పిల్లవాడి ప్రయాణాన్ని ఆపగల పరీక్ష. రెండోది అలాంటిది కాదు. జాతీయ సాధన సర్వే 2017 నవంబరు 13న, తిరిగి 2021 నవంబరు 12న జరిగింది. 2024 డిసెంబరు 4న అదే పని ‘పరఖ్’ పేరుతో 3, 6, 9 తరగతులకు జరిగింది. ఎంపిక చేసిన బడుల్లో ఎంపిక చేసిన పిల్లలు మాత్రమే వ్రాస్తారు. ఫలితాలు జిల్లాకు, రాష్ట్రానికి వస్తాయి. పిల్లవాడికి మార్కులు రావు, పాసూ లేదు, ఫెయిలూ లేదు. కొఠారీ కమిషన్ చెప్పిన మొదటి రకం, అంటే వ్యవస్థను కొలిచేది ఇదే. అయినా సర్వేకు ముందు మూడో తరగతి పిల్లల చేత నమూనా పత్రాలు వరసగా చేయిస్తారు. జ్వరం వచ్చిందో లేదో చూసుకోవడానికి పెట్టిన థర్మామీటరును ముందే వేడినీళ్ళలో ముంచినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. ఎనిమిదేళ్ళ బిడ్డ ఆ రాత్రి నిద్రపోకుండా ఉండవలసిన అవసరం లేదని తల్లిదండ్రులకు చెప్పేవాళ్ళు కావాలి.

మూడో రకం, వీధిబడి పంతులు ఇసుకలో చూసుకున్నది. 2005 నుంచి గ్రామాల్లో జరుగుతున్న ‘అసర్’ సర్వేలో వాడే పత్రం ఇలాంటిదే. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ, అంతే. పిల్లవాడి పక్కన కూర్చుని నోటితో చదివించుకుంటారు, అయిదారు నిమిషాల పని. ఢిల్లీలో 2018లో ‘మిషన్ బునియాద్’ కింద ప్రభుత్వ, కార్పొరేషన్ బడుల్లో ఇలా చూసుకుని, వచ్చినంతవరకు గుర్తించి అక్కడినుంచి చదువు మొదలుపెట్టారు. తెలంగాణలో 2022 ఆగస్టులో మొదలైన ‘తొలిమెట్టు’ వెనక ఉన్న ఆలోచనా దాదాపు ఇదే. చిక్కు ఎక్కడంటే, పిల్లలను జట్లుగా విడదీయగానే ఆ జట్టు పేరే ముద్రగా మిగులుతుంది. ఢిల్లీలో 2016లో పై తరగతులకు చేసిన ‘చునౌతీ’లో జట్లకు ‘ప్రతిభ’, ‘నిష్ఠ’ అని మంచి పేర్లే పెట్టారు. ఏ పేరు ఎవరికి పెట్టారో గ్రహించడానికి పిల్లలకు ఎంతసేపు పడుతుంది?

కనుక పరీక్ష కాగితం ఇంటికి వచ్చినప్పుడు, ఎన్ని వచ్చాయి అన్నది కాక, ఇది పై మూడింటిలో ఏ రకం అన్నది ముందు తెలుసుకోవలసిన సంగతి. బడిని అడిగితే చెబుతారు. ఆ తరువాత మార్కు కంటె జవాబుపత్రం చూడటం మేలు. తెలుగు ఇళ్ళలో దీనికి ఇంకో కోణం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో హిందీయో ఇంగ్లీషో. లెక్కల పేపరులో తప్పు వచ్చిందంటే లెక్క రాలేదనే అనుకుంటాం. ‘ఘటావో’ అంటే తీసివేయమని, ‘కుల్’ అంటే మొత్తమని తెలియని పిల్లవాడు, సంఖ్యలు బాగా తెలిసి కూడా ఆ లెక్క ముందు ఆగిపోతాడు. అదే లెక్క అమ్మ తెలుగులో చెబితే చేస్తాడా? చేస్తే, కావలసింది లెక్కల ట్యూషన్ కాదు, నాలుగు హిందీ మాటలు. చేయకపోతే కూడికలో ఆగాడా, స్థానవిలువలో ఆగాడా అన్నది ఇంకో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. క్యాంబెల్, యేట్స్ పట్టుకున్న చిక్కు ఇదే. వాళ్ళు తెలుగులోనే రెండు తెలుగులు చూశారు, ఇక్కడ మూడు భాషలు.

చివరగా ఒక లెక్క. అయిదో తరగతి ఫలితం మార్చి నెలాఖరుకు వచ్చిందనుకుందాం. తప్పితే రెండు నెలల గడువు మే చివరితో ముగుస్తుంది. ఢిల్లీ బడులకు వేసవి సెలవులు మామూలుగా మే రెండో వారంలో ఇస్తారు. విశాఖపట్నం వైపు వెళ్ళే ఏపీ ఎక్స్‌ప్రెస్‌కో, హైదరాబాదు వెళ్ళే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కో అప్పటికే టిక్కెట్లు తీసుకుని ఉంటారు. అంటే క్లాసు టీచరు ఎదుట పిల్లవాడికి దొరికేది సుమారు ఆరు వారాలు. లోపం ఎక్కడుందో గుర్తించి ప్రత్యేకంగా బోధించాలనీ, పిల్లవాడితో పాటు తల్లిదండ్రులకు కూడా మార్గదర్శకత్వం చేయాలనీ 2024 నియమాలు క్లాసు టీచరుకే అప్పగించాయి. ఏప్రిల్ మొదటి వారంలోనే బడికి వెళ్ళి, జవాబుపత్రం ముందు పెట్టుకుని, ఆ ఆరు వారాల్లో ఏ పాఠాలు చెప్పబోతున్నారని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ప్రయాణం తేదీ కూడా ఆ రోజే టీచరుతో మాట్లాడుకుంటే మంచిది.